డిజిటల్ బ్యాడ్జి: ముద్ర వేరు, విలువ వేరు

ఒక సంస్థలో నేర్చిన విద్యను మరియొక సంస్థ గుర్తించుట ఎట్లు? ఇందుకు సాధనముగా 2011లో అమెరికాలోని మొజిల్లా సంస్థ, మెకార్థర్ ఫౌండేషన్ సహాయముతో, ‘ఓపెన్ బ్యాడ్జి’ పద్ధతిని ప్రకటించినది. 2017 నుండి దీని నిర్వహణను ఐ.ఎం.ఎస్. గ్లోబల్ సంస్థ చేపట్టినది. ఆ సంస్థయే 2022లో వన్ ఎడ్‌టెక్ అని పేరు మార్చుకొన్నది. ఈ పద్ధతి గుణదోషములను పరిశీలింతము.

బ్యాడ్జి చూచుటకు చిన్న బొమ్మ. కాని దానితో కొంత సమాచారము జతపడి యుండును: ఇచ్చినదెవరు, పొందినదెవరు, ఏ తేదీన, ఏ అర్హతకు. ఈ సమాచారమును వ్రాయు తీరు అన్ని సంస్థలకును ఒక్కటే. కనుక ఒకరిచ్చిన బ్యాడ్జిని మరియొకరి కంప్యూటరు చదువగలదు. కాగితపు సర్టిఫికెట్టుకు లేని సౌలభ్యమిది, మెచ్చదగినది.

తొలి రూపములలో ఒక చిక్కు ఉండెను. బ్యాడ్జి నిజమైనదో కాదో తెలియుటకు సాధారణముగా దానినిచ్చిన సంస్థ సర్వరునే అడుగవలసి వచ్చెడిది. ఆ సర్వరు మూతబడినచో విద్యార్థికి మిగులునది బొమ్మ మాత్రమే. 2024లో వెలువడిన 3.0 రూపము దీనిని చాలవరకు సవరించినది. ఇందు సంస్థ డిజిటల్ సంతకము బ్యాడ్జితోనే పయనించును. లోపలి సమాచారములో ఒక్క అక్షరము మార్చినను సంతకము సరిపడదు.

అయినను అసలు లోపము అట్లే యున్నది. సంతకము ‘దీనిని ఫలానా సంస్థయే ఇచ్చినది’ అని చెప్పును గాని, ‘ఈ విద్యార్థికి విషయము వచ్చును’ అని చెప్పదు. ఒక గంట ఉపన్యాసము విన్నవానికి ఒక సంస్థయు, ఆరు నెలలు ప్రయోగశాలలో శ్రమించినవానికి మరియొక సంస్థయు ‘రసాయన శాస్త్రము’ అను బ్యాడ్జినే ఈయవచ్చును. కంప్యూటరు దృష్టిలో రెండును నిజమైనవే. నాణెము మీద ముద్ర సరిగా నున్నంత మాత్రమున బంగారము మేలిమిదని చెప్పలేము, గీటురాయి కావలెను.

ఆ గీటురాయి ఈ పద్ధతిలోనే కలదు. ఏమి చేసినవారికి బ్యాడ్జి ఇత్తురో తెలుపు నియమము తప్పనిసరి. కాని విద్యార్థి చేసిన పనికి నిదర్శనము చూపుట సంస్థ ఇష్టమునకు వదలబడినది. ఇది సరికాదని మా అభిప్రాయము. నిదర్శనము లేనిచో, శ్రమించిన విద్యార్థియే నష్టపోవును. అతని బ్యాడ్జికిని, ఊరక వచ్చిన బ్యాడ్జికిని తేడా కనబడదు.

కావున ఉపాధ్యాయులు బ్యాడ్జి సంఖ్యను గాక, అందలి నియమమును చదువవలెను. విద్యార్థులు తమ ప్రయోగముల వ్రాతలను, చిత్రములను భద్రపరచి బ్యాడ్జితో జతపరచుమని ఇచ్చువారిని కోరవలెను.