సెల్‌కు హద్దు ఎక్కడుందో వెతికే విద్య

బజారులో దొరికే 18650 రకం లిథియం అయాన్ సెల్స్ కొన్నిటి మీద 9900 మిల్లీ ఆంపియర్ అవర్ అని అచ్చేసి ఉంటుంది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఆ గొట్టంలో పేరున్న కంపెనీలు ఎంత తంటాలుపడ్డా పట్టించగలిగింది సుమారు 3500 మాత్రమే. తొడుగు మీది అంకె పచ్చి అబద్ధం. అయినా ఆ సెల్ అమ్ముడుపోతూనే ఉంది. టార్చిలైటులో వేస్తే వెలుగుతుంది, మీటరు పెడితే వోల్టేజి సరిగ్గానే చూపిస్తుంది. కొత్త సెల్‌కీ, పాత ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసి కొత్త తొడుగు వేసిన సెల్‌కీ తేడా కంటికి ఆనదు. నింపి, ఖాళీ చేసి, కొలిచి చూడాల్సిందే.

కొలవడం వినడానికి సులువు. ముందు స్థిరమైన కరెంటుతో సెల్‌ను 4.2 వోల్టులకు తీసుకెళ్తారు. అక్కడ వోల్టేజిని కదలనివ్వకుండా పట్టి, లోపలికి వెళ్లే కరెంటు దానంతటదే సన్నగిల్లేదాకా ఆగుతారు. కాసేపు విశ్రాంతి ఇచ్చి, నెమ్మదిగా ఖాళీ చేస్తారు. 2500 అని రాసి ఉన్న సెల్ అయితే 500 మిల్లీ ఆంపియర్ల చొప్పున, అంటే అయిదు గంటలు. వోల్టేజి కంపెనీ చెప్పిన అడుగు హద్దుకు, చాలా సెల్స్‌లో 2.5 వోల్టులకు, దిగగానే ఆపి బయటికొచ్చిన మొత్తాన్ని లెక్కగడతారు. అదే సెల్‌ను ఎక్కువ కరెంటుతో ఖాళీ చేస్తే లెక్క తగ్గుతుంది. చలిలో ఇంకా తగ్గుతుంది. ఎంత కరెంటు దగ్గర, ఎంత ఉష్ణోగ్రతలో కొలిచారో చెప్పని కెపాసిటీ అంకెను నేను నమ్మను. కొలతకు నాలుగు తీగలు వాడతారు. కరెంటు మోసే జత వేరు, వోల్టేజి చూసే జత వేరు. రెండు పనులూ ఒకే జతతో చేస్తే తీగలో పోయిన వోల్టేజి కూడా సెల్ నష్టంగా లెక్కకొస్తుంది.

రెండో కొలత అంతర్నిరోధం. నాకు కెపాసిటీ కంటే దీని మీదే గురి. సెల్ మీద ఉన్నట్టుండి కరెంటు మోపి, పది సెకన్లలో వోల్టేజి ఎంత పడిందో చూసి, ఆ పతనాన్ని కరెంటుతో భాగిస్తే చాలు. 20 మిల్లీ ఓమ్‌ల సెల్‌లోంచి 10 ఆంపియర్లు తీస్తే లోపల 2 వాట్ల వేడి పుడుతుంది. ముసలిదైపోయి 60 మిల్లీ ఓమ్‌లకు చేరిన సెల్‌లో అదే కరెంటు 6 వాట్లు పుట్టిస్తుంది. ఒకే ప్యాక్‌లో ఈ రెండు రకాలూ కలిపి స్పాట్ వెల్డింగ్ చేస్తే ముసలి సెల్ వేడెక్కి, మిగతావాటి కంటే ముందే చచ్చి, ప్యాక్ మొత్తాన్నీ తనతో లాగేసుకుంటుంది.

ఎన్నేళ్లు బతుకుతుందన్నది తేల్చడం అసలైన ఓపిక పని. నింపుతూ ఖాళీ చేస్తూ పోవాలి, మొదటి కెపాసిటీలో 80 శాతానికి పడినప్పుడు ఆయుష్షు తీరిందనుకోవాలి. పదేళ్లు నడవాల్సిన సెల్‌ను పదేళ్లు పరీక్షించి అమ్మడం ఎవరికీ సాధ్యం కాదు. ఈ చిక్కుకు కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం ఒక దారి చూపింది. లోపలికి వెళ్లిన ఛార్జిలో ఎంత తిరిగి వచ్చిందో అతి సూక్ష్మంగా కొలిచే యంత్రాలను వాళ్లు తయారుచేసుకున్నారు. ప్రతిసారీ 99.9 శాతం మాత్రమే మిగిలి తక్కినది పూర్తిగా పోతుందనుకుంటే, వెయ్యి సార్ల తర్వాత మిగిలేది 37 శాతం. 99.99 శాతం అయితే 90 శాతం. నిజమైన సెల్‌లో లెక్క ఇంత నేరుగా ఉండదు కానీ, ఆ నాలుగో తొమ్మిది కొన్ని వారాల్లోనే కొలతకు చిక్కుతుంది. ఏళ్ల తర్వాత జరగబోయేది వారాల్లో కనిపెట్టడం ఈ రంగం చూపిన గొప్ప పనితనమని నా అభిప్రాయం.

డాన్ అంతకుముందు పనిచేసింది మోలి ఎనర్జీ అనే కెనడా కంపెనీలో. రీఛార్జి చేయగల లిథియం సెల్స్‌ను మొట్టమొదట బజారుకు తెచ్చినవాళ్లలో ఆ కంపెనీ ఒకటి. ఆ సెల్స్‌లో ఆనోడ్ స్వచ్ఛమైన లిథియం లోహం. 1989లో జపాన్‌లో అవి వాడిన ఫోన్లు అంటుకోవడంతో ఆ సెల్స్‌ను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఛార్జి చేసిన కొద్దీ లోహం మీద సూదుల్లా మొలకలు లేచి, రెండు వైపులనూ వేరుచేసే సెపరేటర్‌ను పొడిచి అవతలికి చేరడమే అందులోని ప్రమాదం.

అప్పటికే జపాన్‌లో అకిరా యోషినో ఆనోడ్‌లో లోహం బదులు కార్బన్ వాడి సెల్ తయారుచేశారు. 1986లో పేలుడు పదార్థాలను పరీక్షించే చోటికి దాన్ని తీసుకెళ్లి, పెద్ద ఇనుప దిమ్మెను దాని మీద పడేశారు. ఏమీ కాలేదు. లిథియం లోహమున్న బ్యాటరీ మీద అదే దిమ్మె పడితే భయంకరంగా పేలింది. లిథియం అయాన్ బ్యాటరీ పుట్టిన క్షణం అదేనని యోషినో తర్వాత చెప్పుకున్నారు. 1991లో సోనీ ఆ రకం బ్యాటరీని బజారుకు తెచ్చింది. 2019లో యోషినోకు, గుడ్‌ఎనఫ్, విటింగ్‌హామ్‌లతో కలిపి, రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తను తయారుచేసిన వస్తువును తనే పగలగొట్టి చూసే అలవాటు ఈ రంగానికి పునాదుల్లోనే ఉందన్నమాట.

ఆ అలవాటు తర్వాత శాస్త్రంగా స్థిరపడింది. సెల్‌ను ఓవెన్‌లో పెట్టి 130 డిగ్రీల సెల్సియస్ దాకా మెల్లగా వేడిచేసి, అక్కడే పది నిమిషాలు ఉంచుతారు. 130 దగ్గర ఆగడానికి కారణం ఉంది. ఆనోడ్ మీద మొదటి ఛార్జింగ్‌లోనే ఏర్పడే పల్చటి రక్షణ పొర వంద డిగ్రీల ప్రాంతంలో విడిపోవడం మొదలవుతుంది. 130 దాటగానే పాలిథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. ఇంకా పైకి వెళ్తే కాథోడ్ ఆక్సిజన్ వదులుతుంది, లోపలున్న ఎలక్ట్రోలైట్ మండే ద్రవం. ఇక బయటి నుంచి వేడి అక్కర్లేదు, సెల్ తన వేడితో తనే రగులుతుంది. ఆ మలుపు ఏ డిగ్రీ దగ్గర మొదలవుతుందో పట్టుకోవడానికి ప్రత్యేకమైన కెలోరీమీటర్ ఉంది. అది కొన్ని డిగ్రీలు వేడిచేసి, ఆగి, సెల్ తనంతట తను వేడెక్కుతోందేమో కనిపెట్టి చూస్తుంది. నిమిషానికి 0.02 డిగ్రీల పెరుగుదలను కూడా అది వదలదు. 2015లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో శక్తిమంతమైన ఎక్స్‌రేలతో రగులుతున్న సెల్ లోపలిని చిత్రించారు. లోపలి రాగి కరిగి ముద్దలు కట్టింది. వేడి వెయ్యి డిగ్రీలు దాటితే తప్ప రాగి కరగదు.

అన్నిటికంటే పేరుపడ్డది మేకు పరీక్ష. నిండా ఛార్జి ఉన్న సెల్‌లోకి ఇనుప మేకు దింపి చూస్తారు. చూసేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది, పాసైతే కంపెనీలు వీడియో తీసి గర్వంగా చూపించుకుంటాయి. ఆ గర్వం మీద నాకు నమ్మకం తక్కువ. మేకు అన్ని పొరలనూ ఒకేసారి తాకుతుంది, వేడిని కొంత తనే బయటికి లాగేస్తుంది. నిజజీవితంలో లోపం అలా రాదు. తయారీలో పడిన లోహపు రవ్వ ఒక్క పొరలో దాక్కుని, నెలల తరబడి సెపరేటర్‌ను ఒరుసుకుంటూ ఒకరోజు అవతలికి చేరుతుంది. బోయింగ్ 787 విమానం బ్యాటరీ విషయంలో, సెల్ లోపల షార్ట్ అయితే పొగ మాత్రమే వస్తుంది, మంట రాదు అని అనుమతి సమయంలో అనుకున్నారు. ఆ అంచనాకు ఆధారాల్లో మేకు పరీక్ష ఒకటి. 2013 జనవరిలో బోస్టన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న విమానంలో బ్యాటరీ అంటుకుంది. కొద్దిరోజులకే జపాన్‌లో ఇంకో 787 బ్యాటరీలోంచి పొగ రావడంతో విమానాన్ని అత్యవసరంగా దించారు. ప్రపంచవ్యాప్తంగా ఆ రకం విమానాలన్నీ నేల మీద నిలిచిపోయాయి. షార్ట్ వల్ల జరగగల అతి చెడ్డ పరిణామాన్ని పరీక్షలు లెక్కలోకి తీసుకోలేదని అమెరికా రవాణా భద్రతా సంస్థ 2014లో తేల్చింది.

మేకు పరీక్షలోని ఈ లోపానికి మెరుగైన జవాబు నాసా, అమెరికా పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల కలిసి తయారుచేసిన చిన్న బిళ్ల. సెల్ చుట్టేటప్పుడే దాన్ని పొరల మధ్య పెట్టేస్తారు. అందులో సన్నటి మైనపు పొర ఉంటుంది. సెల్ 57 డిగ్రీలకు చేరగానే మైనం కరిగి, అనుకున్న చోట, అనుకున్న పొరల మధ్యే షార్ట్ జరుగుతుంది. సెల్ బయట గాయం ఉండదు, నిజమైన లోపం వచ్చినట్టే వస్తుంది. పరీక్ష ఎంత భీకరంగా ఉందన్నది కాదు, రాబోయే ప్రమాదాన్ని ఎంత బాగా పోలి ఉందన్నదే దాని విలువ.

మన దగ్గర బ్యాటరీ భద్రత ప్రశ్న ప్రాణాల మీదికొచ్చింది 2022లో. ఆ ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. కేంద్రం నియమించిన నిపుణుల సంఘానికి హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థకు అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షత వహించారు. సంఘం సిఫారసులతో, విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్-156 ప్రమాణాన్ని బిగించి, 2022 డిసెంబరు, 2023 మార్చి నుంచి రెండు దశల్లో అమలు చేశారు. సెల్స్ మధ్య ఎడం తప్పనిసరైంది, సెల్ తయారైన తేదీ కనిపించాలన్నారు, ఒక సెల్‌ను కావాలని రగిలించి మంట పక్కవాటికి పాకుతుందేమో చూసే పరీక్ష చేరింది.

ఇంకో సంగతి మనకే వర్తించేది. డేటాషీట్లలో కెపాసిటీ అంకెలు ఎక్కువగా 25 డిగ్రీల దగ్గరివి. చాలా సెల్స్‌కు ఛార్జింగ్ పై హద్దు 45 డిగ్రీలు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం కొన్ని రోజుల్లో నీడలోనే అంత వేడి ఉంటుంది. తిరిగొచ్చిన బండి బ్యాటరీ అంతకంటే వేడిగా ఉంటుంది. చల్లారకముందే ప్లగ్గు పెట్టడమంటే సెల్ హద్దు అవతల ఛార్జి చేయడమే.

ఏఐఎస్-156 ప్రమాణం బలంగా ఉన్నా అది కంపెనీ ప్యాక్‌కే కాపలా. వీధిలో పాత సెల్స్ ఏరి కట్టిన చవక ప్యాక్ ఏ పరీక్షా ఎదుర్కోదు. 2 వోల్టుల కిందికి బాగా దిగిపోయి నెలలు పడున్న సెల్‌లో ఆనోడ్ వెనకాల ఉన్న రాగి, వేడితో కాకుండా రసాయనికంగా, ఎలక్ట్రోలైట్‌లోకి కరిగి ఉండవచ్చు. దాన్ని మళ్లీ నింపితే ఆ రాగే లోపల షార్ట్ చేయగలదు. ప్యాక్ కొనేటప్పుడు ధరతో పాటు సెల్ ఎవరిదో, ఎప్పుడు తయారైందో, ఏ ప్రమాణం కింద పరీక్షించారో అడగండి. రిపేరు షాపు నడిపేవాళ్లు ప్రతి సెల్ కెపాసిటీ, అంతర్నిరోధం కొలిచి, కాగితం మీద రాసి కొనేవాళ్లకు ఇవ్వండి. ఉబ్బిన సెల్‌ను, 9900 అని రాసి ఉన్న సెల్‌ను ఏ ధరకీ తీసుకోవద్దు.