నాలుగు మడతల నోటు

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వెనకాల చిన్న గదిలో చాప పరిచి కానుకల సంచిని బోర్లిస్తాం. ఎర్ర ముఖమల్ సంచి, అడుగున రెండుసార్లు కుట్టు పడింది. డబ్బు లెక్కపెట్టడం తేలికే, నోట్లు విప్పడమే పని. మా ఊరి ఆడవాళ్లు నోటును చాపి వెయ్యరు. సగానికి మడిచి, దాన్ని మళ్లీ సగానికి మడిచి, ఇంకా ఇంకా మడిచి బొటనవేలి గోరంత చేస్తారు. దాన్ని గుప్పిట్లో దాచుకుని, ఆ గుప్పిటనే సంచిలోకి దించి లోపల వదులుతారు. వేసింది పదో వందో పక్కన కూచున్నామెకు తెలియకూడదు. ఎడమచేతికి తెలియకుండా ఇవ్వమన్న బోధను మా వాళ్లు తు.చ. తప్పకుండా పాటించేది బహుశా ఈ ఒక్కచోటే.

నాలుగేళ్లుగా ఆ లెక్క రాస్తున్నది నేను. బ్యాంకులో ముప్పై మూడేళ్లు చేసి రిటైరై ఊరొచ్చిన వారానికే సంఘ పెద్దలు ఇంటికొచ్చి, "కోశాధికారిగా మీరే ఉండాలండీ" అన్నారు. అప్పటిదాకా ఆ పని చూసినాయన పుస్తకం నా ఒళ్లో పెట్టి, టీ రెండోసారి అడిగి మరీ తాగాడు. ఆ సంతోషం చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

పుస్తకం ప్రకారం 64 కుటుంబాల సంఘం. ఆదివారపు కానుక సగటున 1,200. నెల చందా కడుతున్న ఇళ్లు 30. బిషప్ గారి డయాసిస్‌కు నెలనెలా పంపాల్సిన అసెస్‌మెంటు 7,500. తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పద్ధతిలో పాస్టరు అయ్యగారి జీతం ఊరి సంఘం చేతికివ్వదు. పాస్టరేట్‌లో ఉన్న గుళ్లన్నీ తమ వంతు డయాసిస్‌కు పంపితే జీతాలు అక్కణ్ణుంచి వస్తాయి. పెద్ద సంఘం మిగులు చిన్న సంఘం లోటుకు సర్దుబాటు కావాలన్నది ఏర్పాటు. మంచి ఏర్పాటే. మా వంతు మాత్రం 14 నెలలుగా వెళ్లలేదు. అంటే 1,05,000 బాకీ. పైన మంగళూరు పెంకులు జారుతున్నాయి, దూలానికి చెద పట్టింది, వానాకాలం బల్ల మీద వస్త్రం పక్కన బకెట్ పెట్టుకుని ప్రభు సంస్కారం తీసుకున్న రోజులున్నాయి.

టౌన్లో నా పాత సహోద్యోగి ఒకాయన ఈ సంగతి విని నవ్వాడు. "మీకేం లోటండీ, విదేశాల నుంచి వచ్చిపడుతుందిగా" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, చాలామంది అలాగే అనుకుంటారు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు వచ్చి ఇంగ్లండు సి.ఎం.ఎస్. మిషన్ పెట్టినప్పటి మాట వేరు. ఇప్పుడు విదేశీ విరాళం ఏదొచ్చినా లైసెన్సు ఉన్న సంస్థకే రావాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు శాఖ ఒక్కదానిలోనే ముందు జమ కావాలి. అప్పటిదాకా మా గుడి ఖాతాలో నాకు కనిపించిన అతి దూరపు డబ్బు మచిలీపట్నం నుంచి వచ్చింది.

మా అమ్మ కాలంలో ఈ లోటు లేదా అంటే, డబ్బు అప్పుడు ఇంకా తక్కువే. కానీ ముంత ఉండేది. ఎసరు పెట్టి, చేటలో బియ్యం ఏరి, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న చిన్న ముంతలో వేసేది. దానికొక నియమం. ఆ పూట వండటానికి కొలిచిన బియ్యంలోంచే తియ్యాలి. బస్తాలోంచి విడిగా తీసి వేస్తే అది కానుక కాదని అమ్మ వాదన. అందరి కంచాల్లోనూ ఆ పూట నాలుగు మెతుకులు తగ్గాలన్నమాట. శనివారం సాయంత్రం స్త్రీల మైత్రి నుంచి ఇద్దరు గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడి అరుగు మీద వేలం వేసేవారు.

మిజోరంలో ఇదే పద్ధతి 1910లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. గుప్పెడు గుప్పెడు కలిసి ఏటా కోట్ల రూపాయలవుతుందని చదివినప్పుడు నేను ఒకటికి రెండుసార్లు సున్నాలు లెక్కపెట్టుకున్నాను. మన దగ్గరా దీని వెనక ఒక పట్టుదల ఉంది. తిరునల్వేలి నుంచి దోర్నకల్ వచ్చిన అజరయ్య గారు 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. మా కృష్ణా జిల్లా గుళ్లు కూడా తరవాత ఆయన కిందికే వచ్చాయి. ఆయన సంఘంలో ఎక్కువమంది పాలేర్లు, కూలీలు. వాళ్ల దగ్గర ఏముందని అడుగుతారు అన్నది అప్పటి పెద్దమనుషుల దయగల అభిప్రాయం. అజరయ్య గారు ఆ దయను ఒప్పుకోలేదు. ఇవ్వడం గురించే ఒక పుస్తకం రాశారు. దోర్నకల్‌లో గోపురాలూ మినార్లూ కలిపి ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయం 1939 జనవరిలో ప్రతిష్ఠ అయింది. ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే ఆగి చూడండి.

ముంత సంగతికి మళ్లీ వస్తాను. అమ్మ చెప్పిన ఒక సంగతి నేను చాలాకాలం పట్టించుకోలేదు. శనివారం వెళ్లినవాళ్లకు ఏ ఇంట్లోనైనా ముంత ఖాళీగా కనిపిస్తే, ఎందుకని అడిగేవారు కాదట. తమ సంచిలోంచే ఒక సోలెడు తీసి ఆ ముంతలో పోసి, మాట్లాడకుండా పక్కింటికి వెళ్లిపోయేవారట. లెక్కలవాడిగా నాకు ఇది మింగుడు పడదు. ఏ పుస్తకంలోనూ ఆ సోలెడు బియ్యం ఎక్కలేదు.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ముంత పోయింది. ఆ బియ్యాన్ని నేను ఒక్క మాట అనను, మా పేటలో ఎన్ని పొయ్యిలు దానివల్ల వెలిగాయో కళ్లారా చూసినవాణ్ణి. కాకపోతే అందరి ఇళ్లలో ఒకే బియ్యమైతే వేలంలో పాడేదెవరు? రేషన్ బియ్యం అమ్మితే కేసవుతుందని భయం ఒకటి. గుప్పెడు బియ్యం ఇవ్వడం నామోషీ అన్నది మరొకటి. బియ్యం బదులు కవరు వచ్చింది, కవరు మీద పేరు వచ్చింది.

పేరు దగ్గరే అసలు చిక్కు. నేను లెక్క చేపట్టిన మొదటి నెలలో అందరికీ రసీదులివ్వాలని పట్టుబట్టాను, బ్యాంకు బుద్ధి. ఒకామె రసీదు పుస్తకం చూసి వెనక్కి జరిగింది. "పేరు వద్దు నాయనా, ఒక సహోదరి అని రాయి" అంది. ఆమె కొడుకు ఉద్యోగానికి పరీక్షలు రాస్తున్నాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడని తేలితే దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తాడు, అక్కడ ఉన్నది ఒక్క శాతం. అందుకని మా రిజిస్టర్లలో 'ఒక సహోదరి', 'ఒక సహోదరుడు', 'దేవుని బిడ్డ' చాలామంది. ఇది వాళ్ల పిరికితనం అని వేదిక మీద నుంచి అనేవాళ్లకు ఫీజులు కట్టాల్సిన పిల్లలు లేరనుకుంటాను.

సంఘం నిలవాలంటే ఉజ్జీవం రావాలని కమిటీలో కొందరన్నారు. రెండు వీధుల అవతల రేకుల షెడ్డులో కొత్త ప్రార్థన మందిరం పెట్టారు. అక్కడ కీబోర్డు, ప్యాడ్స్ ఉన్నాయి. మాకు హార్మోనియం, డోలక్, అట్ట ఊడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. వాళ్ల కానుక ఎంతో తెలియదు గానీ గుమ్మం ముందు చెప్పుల వరస చూశాను. సరే, మేమూ మూడు రాత్రులు ఉజ్జీవ సభలు పెట్టాం. టెంటు, మైకు, లైట్లు, ప్రసంగీకుల ప్రయాణం, మూడు పూటల భోజనాలు. జనం వచ్చారు, బాగా వచ్చారు, కన్నీళ్లు పెట్టుకున్నారు కూడా. నాలుగో రోజు లెక్క చూస్తే 70,000 చేతి నుంచి పడింది. వచ్చినవాళ్లలో సగం ఆ షెడ్డువాళ్లే. మా బిర్యానీ బాగుందన్నారు.

తరవాత ఫోన్‌పే. ఇది బికాం చదివే ఒక అమ్మాయి ఆలోచన. ఆదివారాలు నాతో కూచుని నోట్లు విప్పేది ఆ పిల్లే. హైదరాబాదులో, కువైట్‌లో ఉన్న మా ఊరి పిల్లలు నెలకింత పంపడం మొదలైంది, అది నిజంగా ఊపిరి పోసింది. కాకపోతే దాంతోపాటు వచ్చిన మాట్లాడే పెట్టెను మొదటివారం బల్ల పక్కనే పెట్టాం. అయ్యగారు కళ్లు మూసుకుని దీర్ఘంగా ప్రార్థిస్తుండగా ఆ పెట్టె గట్టిగా యాభై రూపాయలు అందాయని ప్రకటించింది. వెనక వరస నుంచి ఎవరో "ఆమెన్" అన్నారు. ఆ రోజు నుంచి పెట్టె బీరువాలో ఉంటోంది.

అసలు మలుపు ఇవేవీ కాదు. పోయినేడు శ్రావణంలో ఒక ఆదివారం ఆ అమ్మాయి నోట్లు విప్పుతూ ఆగి, "అంకుల్, దారం నోటు రావట్లేదేంటి?" అంది. నాకు అర్థం కాలేదు. ప్రతివారం ఒక పది రూపాయల నోటు నాలుగు మడతల మీద తెల్లదారం చుట్టి వస్తుంది. ముడి విప్పలేక నేను విసుక్కునేవాణ్ణి కూడా. అది ఆగిపోతే గమనించలేదు. 1,200లో పది తగ్గితే ఏ లెక్కకు తెలుస్తుంది?

ఎవరిదో ఆ అమ్మాయికి తెలుసు. సాయంత్రం వెళ్లాం. పెద్దావిడ మంచం మీద ఉంది. బావి దగ్గర జారిపడి తుంటి దెబ్బతింది. కొడుకు హైదరాబాదులో అపార్ట్‌మెంటు వాచ్‌మన్. పక్కింటివాళ్లు అన్నం పెడుతున్నారు. నన్ను చూసి, "వందనాలయ్యా" అని, తలగడ కింద నుంచి హార్లిక్స్ సీసా తీసింది. అందులో దారం చుట్టినవి ఏడు. "ఏడు వారాలయ్యి. లెక్క చూసుకో. బ్యాంకోడివిగా, వడ్డీ కూడా కట్టాలంటావా?" అంది. అయ్యగారికి కబురు చెయ్యలేదేం అని అడిగితే, "చందా రెండేళ్లు బాకీ ఉన్నాను. ఏ ముఖం పెట్టుకుని పిలిపించను?" అంది.

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆ చందా బాకీల జాబితా రాసింది నేను. పెళ్లి జరగాలన్నా, సమాధి తోటలో చోటు కావాలన్నా ముందు బాకీ తీర్చాలన్న పాత నియమాన్ని పుస్తకం మొదటి పేజీలో ఎర్రసిరాతో మళ్లీ రాసిందీ నేనే.

తరవాతి శనివారం నుంచి అయ్యగారింటి అమ్మగారు, ఆ అమ్మాయి, నేను తిరగడం మొదలుపెట్టాం. సంచి తీసుకెళ్లలేదు. పుస్తకంలో ఉన్న 64లో 11 ఇళ్లకు తాళాలు. తొమ్మిది కుటుంబాలు రేకుల షెడ్డుకు వెళ్తున్నాయి, టీ ఇచ్చి పంపారు. మరో 13 ఇళ్లవాళ్లు ఎక్కడికీ వెళ్లడం లేదు, వాళ్లందరిదీ చందా బాకీయే. సంఘ సభలో బాకీలన్నీ కొట్టేద్దామని అమ్మగారు ప్రతిపాదిస్తే వ్యతిరేకించినవాణ్ణి నేనొక్కణ్ణే. రుణమాఫీ మాట వింటే బ్యాంకువాడికి నరాలు లాగుతాయి, ఏం చెయ్యను. ఇవాళ కొట్టేస్తే రేపు కట్టేవాళ్లు కూడా మానేస్తారన్నాను. చేతులెత్తితే నేను ఓడిపోయాను.

కట్టేవాళ్లు మానలేదు. ఆ 13 ఇళ్లూ వచ్చాయి, కొందరు యాభై, కొందరు వంద. ఇప్పుడు చందా కట్టే కుటుంబాలు 43. డయాసిస్ బాకీ 14 నెలల నుంచి తొమ్మిదికి దిగింది. సభల అప్పు ఇంకా ఉంది. పెంకులు ఈ ఏడూ జారుతూనే ఉన్నాయి. ఆడిట్‌కు వచ్చినాయన, "ఇంత బాకీ ఏ పద్దు కింద మాఫీ చేశారు?" అని అడిగితే నాకు జవాబు దొరకలేదు. కమిటీ తీర్మానం చూపించాను.

పోయిన నెల కోత పండుగ. గుడి నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, వరికంకుల కుచ్చులు, కాళ్లు కట్టిన కోళ్లు. వేలం పాడించడం ఒక విద్య. మా వేలం మాస్టారికి ఎవరు ఎవరితో పంతానికి పోతారో తెలుసు, బావమరుదుల్ని ఎదురెదురుగా కూచోబెడతాడు. పది గుడ్లు నాలుగు వందలకు పోయాయి. కొన్నాయన వాటిని మళ్లీ వేలానికే ఇచ్చేశాడు. కర్ర ఊతంతో వచ్చిన మా పెద్దావిడ తన పాక మీద కాసిన సొరకాయ తెచ్చింది. తొడిమకు తెల్లదారం చుట్టి ఉంది. మాస్టారు దాన్ని పైకెత్తి నావైపే చూశాడు. 340కి నేనే పాడుకున్నాను.

ఇంటికి తీసుకెళ్తే మా ఆవిడ గోరు గుచ్చి చూసి, ముదిరిపోయింది, కూరకు పనికిరాదంది.