పాట వెనక చేతులు

ఆదివారం ఆరాధనలో అందరి చూపూ పాడేవాళ్ల మీదే. నా చెవి మాత్రం డోలక్ వైపు పోతుంది. ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ముందు తెలియదు. కీబోర్డు అబ్బాయి రెండు మెట్లు తడిమి, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, పల్లవి తిరిగేలోపే అందుకుంటాడు. పురుషోత్తమ చౌదరి (1803–1890) పాటలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగతాళాలు అచ్చేసే ఉంటాయి. అయినా ముందు వరస పెద్దమ్మ సాగదీసిందే తాళం! అసలు పనితనం ప్రార్థన వేళ తెలుస్తుంది: ఒక్క మాటనూ మింగకుండా సన్నగా వాయిస్తూ ఉండాలి. ఈ వాద్యకారుల్లో కన్నీళ్లతో వాయించేవాడుంటాడు, సందేహాలు బయటికి చెప్పుకోలేనివాడుంటాడు, డబ్బులకు వచ్చిన వేరే మతం తబలా ఆయనా ఉంటాడు. ఎవరి విశ్వాసం ఎంతో తూచడం మన పని కాదు. సంఘ పెద్దలారా, వందనాలతో సరిపెట్టకుండా వాళ్ల దారి ఖర్చులైనా ఇవ్వండి.