కారు ముక్కు మీది లాంఛనం

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. ఈనాటి ఆర్టీసీకి అదే మూలం. ఆనాటి బస్సు ఒకటి ‘డెక్కన్ క్వీన్’ పేరుతో ఇంకా భద్రంగా ఉంది. దాన్ని తయారుచేసిన ఆల్బియన్ కంపెనీ మాత్రం జనం జ్ఞాపకంలోంచి జారిపోయింది. 1899లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టి, 1951లో లేలాండ్ చేతికి వెళ్లిన సంస్థ అది. పొద్దుపొడుపును తన గుర్తుగా చేసుకుంది. రేడియేటర్ మీద కిరణాలు విచ్చుకున్న సూర్యుడు కనిపిస్తే అది ఆల్బియన్ బండి అని పాత మెకానిక్కులు దూరం నుంచే పోల్చుకునేవారు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇలాంటి కంపెనీలు వందల కొద్దీ పుట్టాయి, చాలావరకు కనుమరుగయ్యాయి. వాటి కాగితాలు చెదిరిపోయాయి. మిగిలింది బండి ముక్కు మీది చిన్న లోహపు బిళ్ల. దాన్ని చదవడం ఓర్పుతో నేర్వాల్సిన విద్య.

ఆమడగూరు, పెనుకొండ ప్రాంతాల వారికి ఈ విద్య కొత్తదేమీ కాదు. 1565 తర్వాత విజయనగర రాజధాని అయిన పెనుకొండ సీమ ఇది. ఇక్కడ శాసనం మీద వరాహ లాంఛనం కనబడగానే విజయనగరం వారిదని అనేస్తే పొరపాటే. బాదామి చాళుక్యులదీ వరాహమే, వేంగీ చాళుక్యులదీ వరాహమే, కాకతీయులూ దాన్ని ధరించారు. లిపి, శక సంవత్సరం, దొరికిన చోటు, అన్నీ కలిపి చూశాకే శాసన పరిశోధకులు తేల్చి చెబుతారు. కారు బిళ్ల విషయంలోనూ పద్ధతి ఇదే.

మొదట చూడాల్సింది బిళ్ల ఎక్కడుందన్నది. రేడియేటర్ నెత్తిన, చక్రాల హబ్ క్యాపుల మీద ఉన్నది సాధారణంగా కారు కంపెనీ గుర్తు. దీపం మీది లూకాస్, మాగ్నెటో మీది బాష్, కార్బురేటర్ మీది సోలెక్స్, డాష్‌బోర్డు గడియారం మీది స్మిత్స్ విడిభాగాలు అమ్మినవారి పేర్లు. తలుపు గడప దగ్గరి పలక బాడీ కట్టినవారిది. చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం వారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌నే చూడండి. ఇంజను, చాసిస్ రోల్స్ రాయిస్‌వి, బాడీ లండన్‌లోని బార్కర్ వారిది. అక్కడ రెండు పేర్లూ నిజమే, ఏది ఎవరి పనో తెలియాలి.

రెండోది బొమ్మ. నీటి అలల మీద ఎర్రని ఎద్దు ఉంటే మోరిస్. ఆక్స్‌ఫర్డ్ నగర లాంఛనం నుంచి తీసుకున్నదది. మన అంబాసిడర్‌కు తల్లి లాంటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆ ఇంటి బండే. ఒకదానిపై ఒకటి ఉన్న రెండు బాణపు మొనలు సిట్రోయెన్‌వి. ఆండ్రే సిట్రోయెన్ కార్ల కంటే ముందు ఆ ఆకారపు పళ్లున్న గేర్లు చేశాడు. రెక్కలు చాచిన కొంగ హిస్పానో సూయిజాది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కంపెనీ ఇంజన్లతో ఎగిరిన ఒక ఫ్రెంచి యుద్ధవిమాన స్క్వాడ్రన్ గుర్తు ఆ కొంగ. శిరస్త్రాణం ధరించిన దేవత తల ఉంటే బెల్జియంలోని మినర్వా. ఊరు, చేతిపని, యుద్ధం, పురాణం, వీటిలో ఏదో ఒకటి ప్రతి బొమ్మ వెనకా ఉంటుంది.

మూడోది పనితనం. పాత బిళ్లలు చాలావరకు ఇత్తడి లేదా రాగి రేకు మీద గాజుపొడి పరచి, కొలిమిలో కాల్చి చేసిన మీనాకారీ. ఆ గాజు గట్టిగా, చల్లగా తగులుతుంది, దశాబ్దాలు గడిచినా రంగు మాయదు, దెబ్బ తగిలితే పెచ్చుగా లేస్తుంది. ఇప్పటి నకళ్లలో పోసే రంగు జిగురు మెత్తన. బిళ్లను ఊడదీయగలిగితే వెనక్కి తిప్పి చూడాలి, చేసినవారి పేరు అక్కడ దొరకవచ్చు.

నాలుగోది కాలం. కంపెనీ అదే అయినా గుర్తు మారుతుంటుంది. రోల్స్ రాయిస్ జంట అక్షరాలు 1930ల తొలినాళ్లలో ఎరుపు నుంచి నలుపుకు మారాయి. నాలుగు వలయాల గుర్తు 1932లో ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ష్, వాండరర్ ఒక్కటైనప్పుడు వచ్చింది.

బిళ్లే ఊడిపోయి ఉంటే రేడియేటర్ ఆకారమే సాక్షి. గుర్రపు నాడా ఆకారం బుగాటీది, గ్రీకు గుడి ముఖద్వారం లాంటిది రోల్స్ రాయిస్‌ది, గుండ్రని ముక్కు తొలినాటి మోరిస్‌ది. చివరి తీర్పు మాత్రం చాసిస్ నంబరుదే. బిళ్లను ఎవరైనా మార్చి బిగించవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే, పేరు తెలియని బండిని గుజరీ అంగడిలో తూకానికి అమ్మేస్తారు. పేరు పొరపాటుగా పెడితే బాగుచేసేవారు దానికి చెందని భాగాలు బిగిస్తారు, ఉన్న చరిత్ర కూడా చెరిగిపోతుంది. సరైన పేరు పెడితే, దాన్ని పోతపోసిన కార్మికుల పని మళ్లీ లెక్కలోకి వస్తుంది.

ఈ మాట మన సీమకు ఇప్పుడు మరీ అవసరం. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలోని కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్ కారు బయటికొచ్చింది. తొలి బండ్ల మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో విడివిడి అక్షరాలుండేవి. 2021లో అక్షరాలు ఒకే గీతగా కలిసిపోయాయి, గడి పోయింది. అంటే పాత గుర్తుతో ఎర్రమంచిలో బండ్లు తయారైంది రెండేళ్లలోపే. రేపటి పరిశోధకులకు అది గట్టి ఆనవాలు.

అందుకే ఇళ్లలో, షెడ్లలో పాత బండి ఉన్నవారు అమ్మే ముందు నాలుగు పనులు చేయాలి. బిళ్లను ముందూ వెనకా ఫొటో తీయాలి. రేడియేటర్‌ను, హబ్ క్యాపులను కూడా ఫొటో తీయాలి. చాసిస్, ఇంజను నంబర్లు రాసుకోవాలి. బండి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి తేదీతో సహా నమోదు చేయాలి. కార్లు తయారుచేస్తున్న ఈ సీమలోని ఐటీఐలు పిల్లలకు బండి బిగించడంతో పాటు బండిని చదవడం కూడా నేర్పాలి.