బడి సొంతమైతే చాలునా?

కెనడాలో క్రీ అనే ఆదివాసీ జాతి పిల్లల గురించి మాట్లాడేటప్పుడు చదువును ఒక పద్దులో, కుటుంబ సంక్షేమాన్ని ఇంకో పద్దులో రాసుకోవడం ప్రభుత్వాలకు అలవాటు. ఆ పిల్లల చరిత్ర మాత్రం ఆ రెండింటినీ విడదీయనివ్వదు. నిర్బంధ వసతి పాఠశాలల కాలంలో పిల్లల్ని ఇంటి నుంచి లాక్కుపోయింది చదువు పేరుతోనే. ఆ పాఠశాలలు ఒక్కొక్కటిగా మూతపడుతున్నకొద్దీ ఆ పని శిశు సంక్షేమ శాఖల పేరుతో సాగింది. 2021 జనగణన ప్రకారం కెనడాలో 15 ఏళ్లలోపు పిల్లల్లో ఆదివాసులు 7.7 శాతం, ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లల్లో మాత్రం 53.8 శాతం. అందుకే ఒక క్రీ సమాజం తన బడిని తాను నడుపుకుంటోందని వినగానే మనం అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది. ఆ బడికి వచ్చే పిల్లల ఇంటికి కష్టమొస్తే ముందుగా గడప తొక్కేది ఎవరు? సాయమా, బిడ్డను తీసుకుపోయే అధికారా?

ఈ ప్రశ్నతో రెండు క్రీ ప్రాంతాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఉత్తర క్విబెక్‌లో జేమ్స్ బే తీరాన, దాని లోతట్టు అడవుల్లో పరుచుకున్న ఈయూ ఇస్చీ. రెండోది అల్బర్టాలో ఎడ్మంటన్‌కు దక్షిణాన ఉన్న మస్క్వాచీస్.

రెండు చోట్లా తమ బడిని తామే నడుపుకునే మార్పుకు దారి వేసినవారిలో వసతి పాఠశాల అనుభవించినవారు ఉన్నారు. ఈయూ ఇస్చీ తరఫున 1975 నాటి జేమ్స్ బే ఒప్పందానికి నాయకత్వం వహించిన బిల్లీ డైమండ్ చిన్నతనంలోనే మూస్ ఫ్యాక్టరీ పాఠశాలకు వెళ్లినవాడు. మస్క్వాచీస్‌కు చెందిన విల్టన్ లిటిల్‌చైల్డ్ ఎర్మిన్‌స్కిన్ పాఠశాలలో పెరిగి, తర్వాత వసతి పాఠశాలల చరిత్రను విచారించిన సత్య, సయోధ్య కమిషన్‌లోని ముగ్గురు సభ్యుల్లో ఒకరయ్యాడు. ఆ కమిషన్ 2015లో ఇచ్చిన 94 సిఫారసుల్లో మొదటి ఐదూ శిశు సంక్షేమం గురించే. చదువు వాటి తర్వాత వచ్చింది. ఆ వరుసలోనే ఒక తీర్పు ఉంది.

ముందు ఈయూ ఇస్చీ. 1971లో క్విబెక్ ప్రభుత్వం అక్కడి క్రీల నదుల మీద భారీ జలవిద్యుత్ పథకం ప్రకటించింది. వాళ్లను అడగనే లేదు. క్రీలు కోర్టుకెక్కి పోరాడారు, చివరకు 1975 నవంబరులో జేమ్స్ బే, ఉత్తర క్విబెక్ ఒప్పందం కుదిరింది. అందులో చదువుకొక అధ్యాయం, ఆరోగ్యానికీ సామాజిక సేవలకూ ఒక అధ్యాయం, వేటగాళ్ల ఆదాయానికి ఒక అధ్యాయం ఉన్నాయి. క్రీ స్కూల్ బోర్డు, క్రీ ఆరోగ్య బోర్డు రెండూ 1978లోనే పుట్టాయి. ఒకే పత్రంలో బడి, ఆసుపత్రి, పొయ్యి మీది కుండ మూడూ చోటు చేసుకోవడమే ఈ ఒప్పందంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

ఇది కాగితం మీదే ఆగిపోలేదు. సెలవుల పట్టిక నిర్ణయించుకునే అధికారం స్కూల్ బోర్డుకుంది. అందుకే వసంతంలో అడవి బాతులు తిరిగొచ్చే వేళ బడి మూసేస్తారు. పిల్లలు తాతలతో, అమ్మానాన్నలతో అడవి గుడారాలకు వెళ్తారు. మాటు ఎక్కడ కట్టాలో, గాలి ఎటు వీస్తే పక్షి ఎటు దిగుతుందో, దించిన బాతును ఎలా ఒలవాలో అక్కడ నేర్చుకుంటారు. ఆ రోజులు ఎగ్గొట్టిన రోజుల కింద లెక్కకు రావు. అడవి మీద బతికే కుటుంబాలకు వేటగాళ్ల ఆదాయ భద్రతా పథకం అడవిలో గడిపిన రోజుల లెక్కన డబ్బు చెల్లిస్తుంది. ఇక్కడి ఆచారం ఒకటుంది: నడక నేర్చిన పసిబిడ్డను తెల్లవారుజామున తొలిసారి గుడారం బయట నేల మీద నడిపిస్తారు. మగపిల్లాడి చేతిలో చెక్క తుపాకి, ఆడపిల్ల చేతిలో చిన్న గొడ్డలి. తిరిగొచ్చి తాము తెచ్చింది పెద్దలకు అందిస్తారు. బిడ్డకు మొదటి పాఠం చెప్పేది ఇల్లే అని నమ్మే సమాజం ఇది. 1990ల తొలి ఏళ్ల నుంచి చిన్న తరగతుల్లో క్రీ భాషలో బోధన మొదలుపెట్టడం ఆ నమ్మకానికి కొనసాగింపే. ఆరోగ్య బోర్డు కూడా గర్భిణి మొదలు తొమ్మిదేళ్ల పిల్లల వరకు కుటుంబాన్ని ఒకే విభాగం కింద చూసుకుంటుంది.

లోపం ఎక్కడంటే, ఇల్లు చెదిరిపోయే ఘట్టంలో. బిడ్డను తాత్కాలికంగా వేరే చోట ఉంచాలా వద్దా అన్న నిర్ణయం వచ్చేసరికి క్రీ ఉద్యోగులు అమలు చేసేది ప్రధానంగా క్విబెక్ బాలరక్షణ చట్టాన్నే. చేతులు క్రీలవి, చట్టం పరాయిది.

మస్క్వాచీస్ కథ దీనికి దాదాపు తలకిందులు. ఇక్కడ శాంసన్, ఎర్మిన్‌స్కిన్, లూయిస్ బుల్, మోంటానా అనే నాలుగు క్రీ తెగలున్నాయి. వాళ్ల ఆధారం 1876 నాటి ఆరో ఒప్పందం. బడి పెడతామని బ్రిటిష్ రాణి పేరున అందులో మాట ఇచ్చారు. ఆ మాటకు బదులుగా వచ్చినవాటిలో ఒకటి, దేశంలోని అతి పెద్ద వసతి పాఠశాలల్లో ఒకటైన ఎర్మిన్‌స్కిన్. 2022 జూలైలో పోప్ ఫ్రాన్సిస్ వసతి పాఠశాలల విషయంలో క్షమాపణ చెప్పడానికి వచ్చింది ఇక్కడికే. అంతకు నాలుగేళ్ల ముందే, 2018లో, నాలుగు తెగలూ విడివిడిగా నడుపుకుంటున్న బడులను కలిపి మస్క్వాచీస్ విద్యా కమిషన్‌గా ఏర్పడ్డాయి. క్రీ భాషను, పెద్దల జ్ఞానాన్ని పాఠ్యప్రణాళికకు పునాది చేసుకున్నాయి. చిన్న తెగ ఒక్కటే భరించలేని ఖర్చు నలుగురూ పంచుకుంటే తేలికైంది.

కుటుంబం విషయంలో లూయిస్ బుల్ తెగ ఇంకో అడుగు వేసింది. ఆదివాసీ పిల్లల సంక్షేమంపై 2020 నుంచి అమల్లో ఉన్న కేంద్ర చట్టం ఆసరాగా తన సొంత శిశు సంక్షేమ చట్టం తెచ్చుకుంది. 2023లో కెనడాతో నిధుల ఒప్పందం చేసుకుంది. అల్బర్టా ప్రభుత్వం దాని మీద సంతకం పెట్టలేదు. అప్పట్లో ఆ నిధులు ఇచ్చింది రెండేళ్లకే. ఈయూ ఇస్చీ ఒప్పందానికి రాజ్యాంగ రక్షణ ఉంది. ఇక్కడ బిడ్డ భవిష్యత్తు పదహారో పద్దెనిమిదో ఏళ్లదైతే, దానికి దక్కిన హామీ రెండేళ్లది.

సంతకం పెట్టని ప్రభుత్వం ఎంత నష్టం చేయగలదో క్రీలకు బాగా తెలుసు. మానిటోబాలోని నార్వే హౌస్ క్రీ నేషన్‌కు చెందిన జోర్డన్ రివర్ ఆండర్సన్ 1999లో వైద్య అవసరాలతో పుట్టాడు. ఇంటికి పంపొచ్చని డాక్టర్లు చెప్పాక కూడా ఇంటి సంరక్షణ ఖర్చు ఎవరిదని కేంద్రం, రాష్ట్రం రెండేళ్లకు పైగా వాదించుకున్నాయి. 2005లో, అయిదేళ్ల వయసులో, ఏ ఇంట్లోనూ ఒక్క రాత్రి నిద్రపోకుండానే ఆసుపత్రిలో కన్నుమూశాడు. ముందు బిడ్డకు సేవ, ఆ తర్వాతే బిల్లు తగాదా అన్న సూత్రానికి అతని పేరే పెట్టి 2007లో పార్లమెంటు ఆమోదించింది.

రెండింటినీ తూచి చూస్తే నా మొగ్గు ఈయూ ఇస్చీ వైపే. కుటుంబానికి ముందునుంచీ అందే ఆసరా లేకుండా చట్టం ఒక్కటే చేతికొస్తే, బిడ్డను వేరు చేసే బాధ్యత పరాయివాళ్ల నుంచి సొంతవాళ్లకు మారుతుందంతే. అలాగని లూయిస్ బుల్ తెగ సాధించింది చిన్నదేమీ కాదు. దానికి ఆసరా అయిన ఆ కేంద్ర చట్టాన్ని సవాలు చేసింది క్విబెక్ ప్రభుత్వమే. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే సమర్థించింది. ఇప్పుడు ఈయూ ఇస్చీకి కావాల్సింది తన పిల్లల చట్టం తాను రాసుకునే అధికారం. మస్క్వాచీస్‌కు కావాల్సింది రెండేళ్లకోసారి చేయి చాచనక్కర్లేని నిధి, దాన్ని అందుకోవడంలో మిగతా మూడు తెగలకూ వాటా. ఈ రెండింటికీ డబ్బు, సంతకం ఇవ్వాల్సింది ఒట్టావా, క్విబెక్, అల్బర్టా ప్రభుత్వాలు. మస్క్వాచీస్ విషయంలో ఆ బాకీ 1876 నుంచీ ఉన్నది.