నాలుగు స్వరాల పిలుపు

దీపం తగ్గించి, రండి, ఇలా చాప మీదే కూర్చుందాం. ముల్లు రికార్డు గాడిలోకి దిగింది. ఆ సన్నని చిటపటలు విన్నారా, ఎండుటాకుల మీద తొలి చినుకుల్లా!

పింక్ ఫ్లాయిడ్ వారి ‘విష్ యు వర్ హియర్’, 1975. రిచర్డ్ రైట్ కీబోర్డు నాదం మునిమాపు మంచులా కమ్ముకొస్తుంది. తొందరన్నది లేదు. సుమారు నాలుగో నిమిషంలో డేవిడ్ గిల్మోర్ గిటారు నుంచి నాలుగే నాలుగు స్వరాలు రాలి, ఆగుతాయి. మళ్లీ అవే నాలుగు. ఖాళీ ఇంట్లో పేరు పెట్టి పిలిచి, జవాబు కోసం చెవి ఒగ్గినట్టు! గొంతు విప్పేసరికి ఎనిమిది నిమిషాలు దాటిపోతాయి, అంతసేపూ ఎదురుచూపే. మన కావ్యాల్లో విరహం ఎక్కువగా నాయికదే. ఇక్కడ స్నేహితుల విరహం! పిలుపు అందుకోవలసినవాడు సిడ్ బారెట్. బృందానికి పింక్ ఫ్లాయిడ్ అన్న పేరు పెట్టినవాడు, మనసు చెదిరి 1968లో దూరమైనవాడు. ఈ ఆల్బమ్ రికార్డింగు జరుగుతుండగానే, 1975 జూన్‌లో, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలోకి ఒళ్లు చేసిన మనిషొకడు తలా కనుబొమలూ గొరిగించుకుని వచ్చాడు. తాము పిలుస్తున్నవాడే వచ్చి ఎదుట నిలిస్తే, పిలిచినవాళ్లు చాలాసేపు పోల్చుకోలేకపోయారు! అది తెలిసిన నాటి నుంచీ ఆ నాలుగు స్వరాలు నా కళ్లను పొడిగా ఉండనివ్వలేదు.

దీనికంటే రెండేళ్లు ముందుది ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. అందులో క్లేర్ టోరీ ఒక్క మాటైనా లేకుండా పాడుతుంది. ఆలాపన ఎరిగిన చెవికి ఆమె చుట్టమే. గుండె చీల్చుకొని ఎగసిన ఆ గొంతు, శోకమంతా వెళ్లబోసుకుని, నిద్రపోయే బిడ్డ ఊపిరిలా మెత్తబడే క్షణం... ఆహా!

వీరం కావాలంటే లెడ్ జెపెలిన్. 1971 నాటి ‘వెన్ ది లెవీ బ్రేక్స్’లో, హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళా మెట్ల కింద కూర్చుని జాన్ బోనమ్ డ్రమ్ము మోదితే, గోడలే మోగాయి, వరద వచ్చి గట్టును గుద్దినట్టు! అదే ఏటి డోర్స్ బృందం రికార్డు వానరాత్రికి దాచుకుంటాను.

ఈ రాత్రికి మాత్రం పింక్ ఫ్లాయిడ్‌నే తిప్పి పెడతాను. రెండో వైపు ఆఖరున, అంతా మసకబారిపోతున్న వేళ, ఊపిరి బిగబట్టి వినండి: రైట్ వేళ్ల కింద ‘సీ ఎమిలీ ప్లే’ తునకొకటి మెరుస్తుంది. అది సిడ్ రాసిన పాట.