ఫ్రేములోకి రాని గట్టు

పటాన్‌చెరు పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువు మీద నేను చూసిన ఫోటోలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి: పొద్దుటి వెలుగు, ఫ్లెమింగోలు, నీళ్ళలో వాటి నీడలు. ఏదో మారుమూల చోట తీసినట్టు! చుట్టూ లేచిన ఇళ్ళు ఏమయ్యాయి?

టెలిఫోటో లెన్సుని తప్పుపట్టను, పక్షిని బెదరగొట్టకూడదు కదా. కానీ 2016లో ఈ చెరువుని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరం మీదకొస్తోంది కాబట్టే దానికి రక్షణ కావాలి. ఇళ్ళని కత్తిరించిన ఫోటో ఆ అవసరాన్నీ కత్తిరించేస్తుంది.

1975లో అమెరికాలో జరిగిన ‘న్యూ టోపోగ్రాఫిక్స్’ ప్రదర్శనలో కొత్త కాలనీలు, ఫ్యాక్టరీ షెడ్లే ప్రకృతి దృశ్యాలు. ఆ చూపు మన పారిశ్రామికవాడకి ఎప్పుడొస్తుంది? పక్షి ఈకలు లెక్కపెట్టగలుగుతున్నాం, సరే. అది ఎక్కడ నిలబడిందో కూడా కనబడాలి.